ధడా

ఎంవీపీ కాలనీలో మా స్టోరుకి
అర అరకీ అడుగున బరువు తెలిసే పలక వేశారు.
సబ్బు తీస్తే తెలుస్తుంది,
వాసన చూసి తిరిగి పెట్టేసినా తెలుస్తుంది.
తీసిన చెయ్యి ఎవరిదో
అది మాత్రం ఇంకా తెలీదు.

నా పని చిన్నది.
ఫోను టింగుమంటే లెక్క కలవని చోటికి వెళ్లాలి,
కారణం ఎంచుకోవాలి. నాలుగే ఉన్నాయి:
ఒలికింది. వేరే సరుకు పెట్టారు.
దొంగతనం. సెన్సార్ తప్పు.

పూర్ణా మార్కెట్‌లో చింతపండు అమ్మిన మా నాయనమ్మ
ఎవరు గిన్నె తెచ్చినా ముందు దానికి ధడా కట్టేది.
ఒక చిల్లపెంకు, రెండు గులకరాళ్లు,
సరిపోకపోతే చిటికెడు ఉప్పు.
"ఖాళీ గిన్నెకీ బరువుంటాదిరా,
అది ముందు తియ్యకపోతే ఎవుడో ఒకడు మోసపోతాడు."
ఆ తర్వాత ముల్లు కొనేవాడి వైపు మొగ్గేదాకా
కొసరు వేస్తూనే ఉండేది.
ఆ కొసర్లే కొంప ముంచాయని
మా నాన్న ఇప్పటికీ అంటాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి
ఏడో ర్యాకు, నడుమెత్తు అర, పప్పుల దగ్గర
బరువు తగ్గడం పోయి పెరిగింది.
నాలుగు కిలోల రెండొందల గ్రాములు.
తొమ్మిది నిమిషాలుంది. పోయింది.
బుధవారం మళ్లీ. గురువారం మళ్లీ, ఈసారి ఆరు కిలోలు.
పై ఆఫీసు తెర మీద ఎర్రగా: తెలియని వస్తువు.

వెళ్లి చూశాను.
నూకరత్నం.
పొద్దున్న ఏడింటికి కంచరపాలెం నుంచి వచ్చి
రాత్రి ఎనిమిదిదాకా నేల తుడిచే మనిషి
కందిపప్పు ప్యాకెట్ల పక్కన అరచెయ్యి ఆనించి
కళ్లు తెరిచే, ఎటూ చూడకుండా నిలబడి ఉంది.
మా స్టోర్లో కుర్చీ లేదు. క్యాషు దగ్గరా లేదు.

"ఏటి బాబూ, సరుకేటైనా పోనాదా?"
లేదన్నాను.

సెన్సార్ తప్పు, అని నొక్కాను.
మూడుసార్లు నొక్కితే మనిషిని పంపుతారని నాకు తెలీదు.

గాజువాక నుంచి జోగినాయుడనే కుర్రాడొచ్చాడు.
మెత్తటి గుడ్డలో చుట్టిన ఇత్తడి గుండ్లు తెచ్చాడు,
వేలు తగలనివ్వలేదు:
"చెమట అంటితే గుండు బరువెక్కిపోద్ది సార్."
కిలో పెట్టాడు, కిలో చూపింది.
వంద గ్రాములు పెట్టాడు, వందే.
వంగి, ఊది, పలక కింద చేరిన తడి తుడిచి,
ఈ సముద్రపు గాలే రోజుకి రెండు గ్రాములెక్కిస్తుందని
తిట్టుకుంటూ సున్నాకి తెచ్చాడు.
"దీంట్లో ఏ తప్పూ లేదు. ఇక్కడేం పెడుతున్నారు మీరు?"

నూకరత్నం బకెట్టుతో మా పక్కనుంచే వెళ్లింది.
తడి నేల మీద మా చెప్పుల గుర్తులు చూసి
వెనక్కొచ్చి మళ్లీ తుడిచింది.

శనివారం గోడౌన్లోంచి ఖాళీ పాల ట్రే తెచ్చి
ఏడో ర్యాకు చివర బోర్లించాను. కూర్చోమన్నాను.
నవ్వి, దాని మీద బకెట్టు పెట్టింది.
"నాను కూకుంటే మళ్లా లెగలేను బాబూ."

పై ఆఫీసు అడుగుతూనే ఉంది.
దసరా రద్దీలో ఏడు కిలోలు కూడా పడ్డాయి.
ఒక రాత్రి, అందరూ వెళ్లాక, సెట్టింగుల్లోకి వెళ్లి
ఆ ఒక్క అరకి, ఆ ఒక్క వేళకి
సున్నా ఎక్కణ్ణించి మొదలవ్వాలో మార్చేశాను.
ఒక చిల్లపెంకు, రెండు గులకరాళ్లు.
మర్నాడు ఆవిడ చెయ్యి ఆనించింది.
ఫోను పలకలేదు.
పది రోజులు పలకలేదు.

నిన్న నూకరత్నం పనిలోకి రాలేదు.
ఎందుకో ఎవరూ అడగలేదు, నాతో సహా.
మూడూ పదికి
ఒక్క ప్యాకెట్టూ కదలని అర
నాలుగు కిలోల రెండొందల గ్రాములు తక్కువ చూపించి
కారణం ఎంచుకోమంది.